ఆ పాత రిజిస్టర్లను తూకానికి వేయకండి

నూరేళ్లు నిండిన, నిండబోతున్న ఊరిబడుల ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రుల కమిటీలకు, పూర్వ విద్యార్థుల సంఘాలకు, రెండు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. కొన్నేళ్లుగా ఊరూరా బడుల శతజయంతులు జరుగుతున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఆ తర్వాత తెలుగు జిల్లాల్లో అప్పటి స్థానిక పాలన సంస్థలైన తాలూకా బోర్డులు తెరిచిన బడులకు ఇప్పుడు వరసగా నూరేళ్లు నిండుతున్నాయి. ఉత్సవం చేసుకోవడం మంచిదే. రంగులు వేయిస్తారు, ప్రహరీ కట్టిస్తారు, గ్రానైట్ ఫలకం పెడతారు, సంచిక అచ్చు వేస్తారు. ఆ సంచికలు నేను దొరికినన్ని సేకరించి చదువుతుంటాను. మొదట శుభాకాంక్షలు, వెనకాల ప్రకటనలు, మధ్యలో ఎక్కడో ఒకే ఒక్క పేజీ 'మా పాఠశాల చరిత్ర'. అందులో ఉండేది దాదాపు ఒకటే. ఫలానా సంవత్సరంలో ఫలానా పెద్దాయన స్థలం ఇచ్చారు, ఫలానా మంత్రిగారు కొత్త గదులు ప్రారంభించారు, ఇక్కడ చదివినవారిలో ఇంతమంది డాక్టర్లయ్యారు, ఇంతమంది అమెరికాలో ఉన్నారు. అంతే. ఊరి పేరు మార్చి పక్క ఊరి సంచికలో వేసినా ఎవరూ కనిపెట్టలేరు.

ఆ బడి అసలు చరిత్ర మాత్రం హెడ్మాస్టరు గదిలో, తలుపు సరిగ్గా పడని బీరువా అడుగున ఉంటుంది. పాత ప్రవేశ రిజిస్టర్లు, హాజరు పట్టీలు, ఇన్‌స్పెక్షన్ పుస్తకాలు, టీసీ కౌంటర్‌ఫాయిళ్లు, జీతాల అక్విటెన్సులు, అంటే జీతం అందినట్టు సంతకం చేసే పట్టీలు. ఉత్సవానికి ముందు బడి సర్దేటప్పుడు మొదట బయటికి వచ్చేవి, పాత కాగితాలవాడి తక్కెడలోకి మొదట పోయేవి కూడా అవే. వాటిని పోనివ్వకండని అడగడానికే ఈ ఉత్తరం. ఎందుకు పోనివ్వకూడదో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ప్రవేశ రిజిస్టరులో ఏముంటుందో మీకు తెలియనిది కాదు. వరుస సంఖ్య, పేరు, తండ్రి లేక సంరక్షకుడి పేరు, ఆయన వృత్తి, కులం, పుట్టిన తేదీ, చేరిన తేదీ, చేర్చుకున్న తరగతి, విడిచిన తేదీ, విడవడానికి కారణం. ఒక్క పిల్లవాడి వరస చూస్తే ఏమీ తెలియదు. ఇరవై ముప్ఫై ఏళ్ల వరసలు కలిపి చదివితే ఊరు కళ్ల ముందుకు వస్తుంది. మొదటి పదేళ్లలో ఏ వీధుల పిల్లలు వచ్చారు? సాలెవాళ్ల పిల్లలు ఎప్పుడు చేరారు? గొర్రెలు కాసే ఇళ్ల నుంచి మొదటివాడు ఏ సంవత్సరం పలక పట్టాడు? శిశు తరగతిలో చేరినవాళ్లలో అయిదో తరగతి దాకా నిలిచినవాళ్లు ఎందరు? వీటికి జవాబులు ఏ ఫలకం మీదా ఉండవు.

పుట్టిన తేదీల గడి చూసి మాత్రం కాస్త నవ్వుకోవాలి. ఊళ్లో సగం మంది బడి తెరిచే రోజుల్లోనే పుట్టినట్టు, అదీ జులై ఒకటినే పుట్టినట్టు కనిపిస్తుంది. తేదీ చెప్పగలిగిన తల్లిదండ్రులు తక్కువ. వయసు చాలినట్టు పంతులుగారే ఒక తేదీ వేసేవారు. మన తాతల పుట్టినరోజులు చాలావరకు పంతుళ్లు ప్రసాదించినవే.

ఈ రిజిస్టర్లకు ముందు ఉన్నది వీధి బడి. ఎవరింటి అరుగు మీదనో, రచ్చబండ దగ్గరో, గుడి మండపంలోనో నడిచేది. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దడం, వల్లె వేసి ఎక్కాలు అప్పజెప్పడం, శతక పద్యాలు, అమరకోశం. మాట వినని వాడికి కోదండం, అంటే పైనుంచి కట్టిన తాడు పట్టుకుని వేలాడే శిక్ష. దసరాకి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పద్యాలు పాడితే 'అయ్యవారికి చాలు ఐదు వరహాలు' వచ్చేవి, పిల్లలకు పప్పు బెల్లాలు దక్కేవి. 1823లో బళ్లారి కలెక్టరు కాంప్‌బెల్ తన జిల్లాలోని ఇలాంటి బడులను లెక్కపెట్టి పై అధికారులకు నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పుడు బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆయన లెక్కలో బడులు 533, చదివే పిల్లలు 6,641 మంది, వారిలో ఆడపిల్లలు 60 మంది. పొద్దున్నే అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాయడం, రెండోవాడి చేతిలో సున్న చుట్టడం, మూడోవాడి నుంచి వచ్చిన వరసను బట్టి బెత్తం దెబ్బలు పెరగడం కూడా ఆయన రాశాడు. తొందరగా బడికి రప్పించే ఈ పద్ధతి మన పెద్దవాళ్ల చిన్నతనం దాకా చాలాచోట్ల నడిచిందే.

అదే నివేదికలో ఇంకో మాట ఉంది. పిల్లలు చదివే పద్యాల భాష వేరు, ఇంట్లో, బజారులో మాట్లాడే భాష వేరు. అక్షరాలు ఒకటే కాబట్టి పైకి గడగడ చదువుతారు గానీ అర్థం తెలియదు అని. ఈ మాట వచ్చిన ఎనభై ఏళ్ల తర్వాత పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సరిగ్గా ఇదే రోగం మీద పోరాటం మొదలుపెట్టారు. అంతకన్నా ముందే ఆయన అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి బడులు పెట్టి వాచకాలు రాశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలను అచ్చు వేసి పారితోషికం ఇవ్వబోతే, డబ్బు నాకొద్దు, దానితో వాళ్లకు మంచి బడి పెట్టండన్నారు. శ్రీకాకుళం మన్యంలో, ఎల్లకవతల ఒడిశాలో ఆ తొలి సవర బడుల కాగితాలు ఒక్క పొత్తమైనా మిగిలి ఉంటే అది మనకెంత విలువైనదో వేరే చెప్పాలా?

వీధి బడి సర్కారు లెక్కలోకి వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశకాల్లో 'ఫలితాల గ్రాంటు' అనే పద్ధతి ఉండేది. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి పిల్లల్ని పరీక్షించేవాడు. చదవడంలో, రాతలో, లెక్కల్లో ఎంతమంది గట్టెక్కితే ఆ మేరకే పంతులికి డబ్బు. అంటే బెంచీ కూడా లేని బడిలో, కూలిపని రోజుల్లో పిల్లలు రాని బడిలో, ఆ ఒక్క రోజు హాజరు మీద పంతులిగారి ఏడాది జీవనం ఆధారపడి ఉండేది. 1904 మార్చి 11న వైస్రాయ్ కర్జన్ హయాంలో వచ్చిన విద్యా తీర్మానం ఈ పద్ధతిని తప్పుపట్టింది. దాని స్థానంలో క్రమంగా స్థిరమైన గ్రాంట్లు వచ్చాయి. అయినా చాలా ఎయిడెడ్ బడులకు పంతులే ఉపాధ్యాయుడు, పంతులే మేనేజరు. అరుగు ఆయనది, పలకలు ఆయనవి, గ్రాంటు రాని నెల పస్తు ఆయనది. స్థలదాత పేరు ఫలకానికి ఎక్కింది. ఈ పంతులి పేరు అక్విటెన్సులో సంతకంగా, ఇన్‌స్పెక్షన్ పుస్తకంలో మందలింపుగా మాత్రమే మిగిలింది. ఇవాళ మీరు ఆ పుస్తకాలు అమ్మేస్తే ఆయన ఆ మాత్రం కూడా మిగలడు.

అందరికీ చదువు అనే మాట అప్పట్లో ఎంత గట్టి ప్రతిఘటన ఎదుర్కొందో గుర్తు చేసుకోవాలి. 1911 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద మగవాళ్లలో నూటికి 10.56 మంది, ఆడవాళ్లలో 1.05 మంది అక్షరాస్యులు. ఆ సంవత్సరమే జాతీయ నాయకుడు గోఖలే దేశ శాసన మండలిలో నిర్బంధ ప్రాథమిక విద్య బిల్లు తెచ్చారు. 1912లో అనుకూలంగా 13, వ్యతిరేకంగా 38 ఓట్లు పడి అది వీగిపోయింది. మన ప్రాంతంలో కొంత కదలిక 1920 చట్టంతో వచ్చింది. జిల్లాకో ఎడ్యుకేషనల్ కౌన్సిల్, విద్యకంటూ ఒక పన్ను, కోరుకున్న చోట నిర్బంధ విద్యకు వీలు. కాగితం మీద బాగానే ఉంది. ఊళ్లో ఎంత జరిగిందో కావాలంటే ఆ ఊరి రిజిస్టరే చూడాలి.

ఇక కులం గడి. నేను మిమ్మల్ని ఎక్కువసేపు ఆపాలనుకుంటున్నది ఇక్కడే.

బోర్డు బడి అంటే ప్రజల డబ్బుతో నడిచే బడి; నియమం ప్రకారం ఎవరైనా రావచ్చు. కానీ ఆ బడి ఎక్కడుంది? అగ్రహారంలోనో, గుడి ఆవరణలోనో, చావడిలోనో. మాలపల్లె, మాదిగపల్లె పిల్లవాడు ఆ వీధిలోకే రాకూడదు, ఇక తలుపు తెరిచి ఉండి ఏం లాభం? బడి తెరిచి ఉంది, దారి మూసి ఉంది. 1919 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వమే ఆరా తీస్తే, ప్రభుత్వ యాజమాన్యంలోని బడుల్లో పంచమ పిల్లలను (దళితులను అప్పుడు అలా పిలిచేవారు) చేర్చుకున్నవి నూటికి పది కూడా లేవు. అందరూ వెళ్లగలిగిన చోటికి బడిని మార్చాలని ఉత్తర్వులు వచ్చాయి. ఊరి పెద్దలు పిల్లల్ని మాన్పించి వాటిని ఎదుర్కొన్నారు. చేర్చుకున్న చోట్ల కూడా ఆ పిల్లలు వసారాలోనో, చూరు కిందనో కూర్చున్నారు.

అందుకే ఆ రోజుల్లో దళిత పిల్లల చదువు చాలావరకు వేరే కప్పు కింద సాగింది. గుంటూరులో లూథరన్లు, ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు, కృష్ణా జిల్లాలో చర్చి మిషనరీ సొసైటీవారు పల్లెలోనే తాటాకు పాక వేసి బడి నడిపారు. పగలు బడి, ఆదివారం ప్రార్థన, బోధకుడే పంతులు. తర్వాత అణగారిన కులాల బాగోగులు చూసే లేబర్ కమిషనర్ శాఖ కింద ఆది ఆంధ్రుల (దళితుల) కోసం వేరే బడులు వచ్చాయి. హైదరాబాదులో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1910లోనే ఇసామియా బజారులో బడి తెరిచారు. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన పంచమ మహాజన సభకు అధ్యక్షత వహించిందీ ఆయనే. మేం పంచములం కాదు, ఈ నేల తొలి మనుషులం, ఆది ఆంధ్రులం అన్న మాట ఆ సభ నుంచే ఊళ్లలోకి వెళ్లింది. 1922 మార్చి 25న మద్రాసు ప్రభుత్వం రికార్డుల్లో ఆ పేరే వాడాలని ఉత్తర్వు ఇచ్చింది.

ఇప్పుడు మీ బడి పాత రిజిస్టరు తీయండి. 1922కు ముందు పేజీల్లో కులం గడిలో ఏం రాశారు, తర్వాతి పేజీల్లో ఏం రాశారు? 'ఆది ఆంధ్ర' అన్న మాట మీ ఊళ్లో మొదట ఏ తేదీన కనిపించింది? అది ప్రభుత్వ ఉత్తర్వు వచ్చిన వెంటనేనా, పదేళ్ల తర్వాతనా? ఆ వరసలోని మొదటి పిల్లవాడు ఎవరు, ఎన్నాళ్లు ఉన్నాడు, ఎందుకు మానేశాడు? శతజయంతి సంచికలో ఒక్క పేజీ ఈ పిల్లవాడికి ఇవ్వలేమా? స్థలమిచ్చిన పెద్దాయన ఫోటో పక్కనే ఇవ్వండి, ఆయన కాదనలేరు. కాదనే అవకాశం ఉన్నవాళ్లు ఆయన మనవళ్లు. వాళ్లతో మీరు మాట్లాడాలి. మొదటి ముప్ఫై ఏళ్లలో అలాంటి పిల్లవాడు ఒక్కడూ లేకపోతే, ఆ సంగతీ రాయండి.

మిషన్ బడుల కాగితాలు చర్చి కార్యాలయాల్లో, పాస్టరుగారి ఇళ్లలో ఉండొచ్చు. చర్చి పెద్దలకు కూడా నా మనవి ఇదే.

ఆడపిల్లల సంగతి రిజిస్టరులో తొందరగా తెలిసిపోతుంది, ఎందుకంటే వరసలు తక్కువ. చేరినవాళ్లు రెండో తరగతిలో, మూడో తరగతిలో ఆగిపోతారు. మానిన కారణం గడిలో పంతులిగారి చక్కని చేతిరాతలో రెండు ముక్కలు: 'వివాహమైనది'. అప్పుడు ఆ పిల్లకెన్నేళ్లో పక్క గడి చూసి లెక్క కట్టుకోవచ్చు. మిగతా కారణాలు కూడా ఊరి చరిత్రే. ఊరు విడిచి వెళ్లారు, పశువుల కాపరిగా కుదిరాడు, మరణించాడు. 1918 చివర్లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతా ఊడ్చేసినప్పుడు మీ ఊళ్లో ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఆ నెలల హాజరు పట్టీ ఉంటే అది చెబుతుంది. రాయలసీమలో కరువు ఏళ్ల పట్టీలు కూడా అంతే.

తెలంగాణ మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. నిజాం రాజ్యంలో సర్కారు బడి చదువు చాలావరకు ఉర్దూలో సాగింది. తెలుగు చదువుకోవాలంటే ఎక్కువగా పంతుళ్లు సొంతంగా నడిపే ఖాన్గీ బడులే దిక్కు. 1920ల మధ్యలో ఆ బడులు పెట్టడానికి ముందస్తు అనుమతి కావాలన్న నిబంధనలు వచ్చాక చాలా మూతపడ్డాయి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభలు ఈ నిబంధనల మీద, మాతృభాషలో చదువు మీద పట్టుబట్టాయి. ఆ కాలపు సర్కారీ బడి దఫ్తరు ఎక్కడైనా మిగిలి ఉంటే అది ఉర్దూ రాతలో, నిజాం సర్కారు వాడిన ఫస్లీ సంవత్సరాల్లో ఉంటుంది. ఆజూర్, దై, బహమన్ అని నెలలు. ఇప్పటి ఉపాధ్యాయులకు అది పనికిరాని పుస్తకంలా కనిపించడం సహజం. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపుగా మన సంవత్సరం వస్తుంది. 1334 ఫస్లీ అంటే 1924-25. ఆ చేతిరాత చదవగల పెద్దవాళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్లుండగానే ఆ పని కావాలి.

ఇప్పుడే ఇంత తొందరెందుకు అంటారేమో. ఈ పుస్తకాలు ఇప్పటికే చాలా చేతులు మారాయి. తాలూకా బోర్డులు 1930ల మధ్యలో రద్దయి బడులు జిల్లా బోర్డులకు పోయాయి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. ఎనభైల్లో మండల పరిషత్తులు. బడి ముందు బోర్డు మారిన ప్రతిసారీ లోపల కొన్ని కాగితాలు పోయాయి. ఇటీవల ఆంధ్రలో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి కింద గదులు బాగుచేశారు, మంచి పని. అయితే గది బాగుచేసేటప్పుడు బీరువా ఎటు పోయిందో ఎవరైనా చూశారా? 2022లో ఆంధ్రలో మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లలో కలిపినప్పుడు పిల్లల వివరాలు ఆన్‌లైన్లో కదిలాయి. పాత పుస్తకాలు ఏ బడి చార్జిలో ఉన్నాయి? పిల్లలు లేక మూతపడిన ఏకోపాధ్యాయ బడుల పుస్తకాలు ఎవరి దగ్గరున్నాయి? నేను కొన్నిచోట్ల అడిగాను. మండల కార్యాలయంలో ఉంటాయని బడిలో, బడిలోనే ఉంటాయని మండల కార్యాలయంలో చెప్పారు.

చరిత్ర మీద ఆసక్తి లేనివారికి కూడా ఒక మాట. ఏయే కులాలు, తెగలు షెడ్యూల్డ్ జాబితాల్లోకి వస్తాయో చెప్పే రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చింది షెడ్యూల్డ్ కులాలకు 1950 ఆగస్టు 10న, తెగలకు సెప్టెంబరు 6న. కుల ధ్రువీకరణ మీద వివాదం వచ్చినప్పుడు, ముఖ్యంగా గిరిజన కుటుంబాల విషయంలో, అంతకు ముందటి బడి రికార్డు గట్టి ఆధారం. తాత పేరు ఉన్న ఆ ఒక్క వరస చిరిగిపోతే మనవరాలి ఉద్యోగం విచారణలో పడుతుంది.

చేయవలసింది పెద్ద పనేం కాదు. పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. ప్రతి పేజీనీ కిటికీ వెలుతురులో ఫోన్‌తో ఫోటో తీయండి. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లలకు ఇది రెండు మూడు రోజుల పని. చిరిగిన చోట సెల్లోటేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు, కొన్నేళ్లకు కాగితం దానితోపాటే పోతుంది. శుభ్రమైన నూలు గుడ్డలో మూటకట్టి, నేలకు, గోడకు తగలకుండా ఇనుప పెట్టెలో పెట్టండి. ఫోటోలు మాత్రం ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బతికి ఉన్నవాళ్ల కులం, పుట్టిన తేదీ అందులో ఉంటాయి. ఫలానావాళ్ల తాత ఫెయిలయ్యాడని రచ్చబండ దగ్గర నవ్వుకోవడానికి కాదు కదా మనం ఇదంతా చేస్తున్నది. సంచికలో రాసేటప్పుడు పాత వరసలకే పరిమితం కండి. పేరు వేసే ముందు ఆ ఇంటివాళ్లను అడగండి.

విద్యాశాఖ అధికారులను కోరేది రెండే. 1950కి ముందటి ప్రవేశ రిజిస్టర్లను, ఇన్‌స్పెక్షన్ పుస్తకాలను ఏ కారణంగానూ పారవేయరాదని, బడి మూసినా కలిపినా అవి ఎవరి చార్జిలోకి వెళ్లాయో లిఖితంగా నమోదు చేయాలని రెండు రాష్ట్రాల్లోనూ ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఆ ఫోటోల ప్రతి ఒకటి జిల్లా కేంద్రంలో, ఇంకొకటి రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉండేలా చూడండి. హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దఫ్తరాలను, చెన్నై ఎగ్మూరులో మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర్వులను ఇన్నేళ్లుగా భద్రపరుస్తూనే ఉన్నారు. ఆ ఉత్తర్వులు ఊరిదాకా వచ్చాయా లేదా అన్నది ఈ రిజిస్టర్లు తప్ప మరేవీ చెప్పలేవు.

వేసవి సెలవులకు తాళం వేసేముందు ఎలాగూ స్టాకు సరిచూస్తారు. బెంచీలు, బల్లలు, గ్యాసు పొయ్యి, కంప్యూటరు అని రాసే ఆ జాబితాలో ఈ ఏడాది ఇంకో వరస చేర్చండి: పాత రిజిస్టర్లు, ఎన్ని, ఏ సంవత్సరం నుంచి.

ఇట్లు,
ఊళ్ల చరిత్రలు సేకరించుకునే ఒక బడి పూర్వ విద్యార్థి